డీవీడీలో అంచులు తెగకుండా: టీవీ సెట్టింగా, డిస్కులోనే మార్జినా?

ఒంగోలు గిత్తల బండలాగుడు వీడియోలో ఫ్రేముకు ఒక అంచున ఎడ్ల ముట్టెలు, రెండో అంచున బండ. దాన్నే డీవీడీ చేసి టీవీలో వేస్తే ముట్టెలు ఉండవు, బండ సగమే కనపడుతుంది, మూలన వేసిన టైము తెగిపోతుంది. పెళ్లి వీడియోల్లో కింద వేసే పేర్లదీ ఇదే గతి. తప్పు కన్వర్టర్‌దా, టీవీదా అని నెల్లూరు, ఒంగోలు వాళ్లు పదేపదే అడుగుతున్నారు.

ముందు ఆ డిస్కును కంప్యూటర్లోనే వేసి చూడండి. అక్కడా అంచులు లేకపోతే కన్వర్టర్‌లో (వీడియోను డీవీడీ రకానికి మార్చే సాఫ్ట్‌వేర్‌లో) క్రాప్, అంటే అంచుల కోత పడింది, దాన్ని తీసేస్తే సరి. అక్కడ నిండుగా ఉండి టీవీలో తెగితే అది ఓవర్‌స్కాన్. పాత డబ్బా టీవీలు బొమ్మను చట్రం అవతలికి కూడా గీసేవి, నాలుగు వైపులా ఐదు శాతం దాకా లోపలికి పోయేది. ఎల్‌సీడీలు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

టీవీ సెట్టింగ్ మార్చడం తేలిక. పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది. అది పెడితే బొమ్మలో ఒక్క చుక్క పోదు, క్వాలిటీ తగ్గదు. చిక్కల్లా ఒకటే: చాలా టీవీల్లో ఆ ఆప్షన్ హెచ్‌డీఎంఐలోనే వస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్‌తో పాత ప్లేయర్ తగిలిస్తే మెనూలో అది కనపడదు. మన డిస్కులు ఎక్కువగా ఆడేది ఆ ప్లేయర్లలోనే గదా!

అందుకే నలుగురికీ పంచే డిస్కయితే నా ఓటు మార్జిన్‌కే, అంటే డిస్కులోనే బొమ్మ చుట్టూ నలుపు వదలడానికే. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీ ఫ్రేము 720×576 చుక్కలు. బొమ్మను 656×524కి కుదించి, పక్కల 32 చొప్పున, పైనా కిందా 26 చొప్పున నలుపు వదలాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత కన్వర్టర్‌లో టార్గెట్ పాల్-డీవీడీ, స్కేల్ 656:524, ప్యాడ్ 720:576:32:26, యాస్పెక్ట్ (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16:9. ఈ ఆఖరుది మరిస్తే 4:3గా ఆడొచ్చు, అప్పుడు పెళ్లికొడుకు సన్నగా, తాటిచెట్టంత పొడుగ్గా కనపడతాడు. టార్గెట్ ఇచ్చే బిట్‌రేటు (సెకను వీడియోకు పట్టే డేటా) 6000 కిలోబిట్లతో 4.7 జీబీ డిస్కులో గంటన్నర పడుతుంది. రెండు గంటలైతే 4500కి దించండి. తర్వాత, ఆ ఫైలును డీవీడీగా కూర్చే డీవీడీ స్టైలర్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోకు 'కాపీ' పెట్టండి, లేకుంటే మళ్లీ ఎన్‌కోడ్ చేసి బొమ్మను మసక చేస్తుంది.

నష్టం లేకపోలేదు. ఓవర్‌స్కాన్ లేని టీవీలో చుట్టూ సన్నటి నల్ల చట్రం కనపడుతుంది, బొమ్మకు దక్కే చుక్కలూ కొంత తగ్గుతాయి. అయినా ఆ నలుపు ఎవరికీ అడ్డం కాదు, తెగిన ముట్టె మాత్రం అందరి కంటా పడుతుంది. మీ ఇంట్లో ఒక్క టీవీకే అయితే, అదీ హెచ్‌డీఎంఐ అయితే, ఈ శ్రమంతా అక్కర్లేదు.

మార్జిన్ బదులు 4:3 లెటర్‌బాక్స్ (పైనా కిందా నల్ల పట్టీలతో వెడల్పు బొమ్మంతా చూపడం) చేయొచ్చు, పక్కల కోత మాత్రం ఆగదు. వీడియో ఫైలును ఉన్నదున్నట్టు డేటా డిస్కుగా రాస్తే ప్లేయర్ చదివితే చదివినట్టు.

డిస్కు బాగానే ఉండీ పక్కలు మాత్రం బాగా తెగుతుంటే ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్ చూడండి. అక్కడ 4:3 పాన్‌స్కాన్ (పక్కలు కోసి తెర నింపేది) ఉంటే, వైడ్ టీవీకి 16:9 పెట్టండి, డబ్బా టీవీకి లెటర్‌బాక్స్.