మాస్‌బర్గ్ 500 బ్యారెల్: దేనికి పెట్టిన డబ్బు పనికొచ్చింది, ఏది వృథా అయింది

మాస్‌బర్గ్ 500 అనే ఈ పంప్ షాట్‌గన్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను దాని బ్యారెల్ గురించే రాస్తాను. కొన్న తర్వాత నా డబ్బూ ఓపికా ఎక్కువగా ఖర్చయింది దాని మీదే. నాది 12 బోర్, 28 అంగుళాల బ్యారెల్, మూతి దగ్గర మార్చుకునే చోక్‌లు, అంటే గుండ్లు మరీ చెదరకుండా మూతిని ఇరుకు చేసే చిన్న గొట్టాలు. ఉండేది హ్యూస్టన్ శివార్లలో. ఎక్కువగా స్కీట్ ఆడతాను, అప్పుడప్పుడు ట్రాప్. రెండూ గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను కొట్టే ఆటలే. సెప్టెంబరు వస్తే గువ్వల వేట. ఏళ్లుగా ఇదే తుపాకీ.

ముందు నచ్చిన సంగతి. తూటాలు నిలవుండే మ్యాగజీన్ ట్యూబ్ చివరున్న స్క్రూ తిప్పితే బ్యారెల్ ఊడి చేతికొస్తుంది. రాడ్‌ను చాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి పెట్టి మూతి వైపు తోయొచ్చు, మురికి తుపాకీ యంత్రం ఉండే రిసీవర్‌లో పడదు. విప్పే ముందు చాంబరూ మ్యాగజీనూ ఖాళీయేనా అని కళ్లతో చూస్తాను, వేలు పెట్టి తడుముతాను కూడా. ఇంట్లో పిల్లలు ఉన్నా లేకపోయినా ఇది తప్పదు.

షాట్‌గన్ బ్యారెల్ లోపల రైఫిల్‌కి ఉన్నట్టు మెలి గాడులుండవు, నున్నగా ఉంటుంది. అందుకే గుడ్డతో ఒకసారి లాగేసి అయిపోయిందంటారు. మధ్య భాగం వరకు అది నిజమే. మొండి మురికంతా రెండు చోట్ల చేరుతుంది. ఒకటి చాంబర్ దాటగానే సన్నబడే ఫోర్సింగ్ కోన్, రెండోది మూతి దగ్గర చోక్. గుండ్లను మోసుకుపోయే ప్లాస్టిక్ వాడ్ ఆ ఇరుకుల్లో ఒరుసుకుని పలచటి పొర వదిలి పోతుంది. దీపం పెట్టి చూస్తే లోపల మెరుస్తూనే ఉంటుంది కాబట్టి పట్టించుకోం. హోప్స్ నంబర్ 9 అనే మురికి వదిలించే ద్రావణం పట్టించి పావుగంట వదిలేసి, ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్ తోస్తే అప్పుడు తెలుస్తుంది, ప్లాస్టిక్ పేలికలు పేలికలుగా ఊడొస్తుంది. తాడులా లాగే బోర్ స్నేక్ క్లబ్బులో సరిపోతుంది గానీ ఈ పొరను కదపలేదు.

చాంబర్‌కి వేరే బ్రష్ కొనండి. నాది 3 అంగుళాల చాంబర్, నేను వాడేవి రెండుముప్పావు అంగుళాల తూటాలు. తూటా నోరు విచ్చుకునే చోట నల్లటి వలయం కడుతుంది. బోర్ (బ్యారెల్ లోపలి గొట్టం) బ్రష్ చాంబర్‌లో వదులుగా తిరుగుతుంది తప్ప దాన్ని గీకదు. చవక తూటాల ఖాళీ డొప్పలు ఇరుక్కుంటున్నాయని, వాటిని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌ని తిట్టేవాళ్లు ముందు చాంబర్ తోమి చూడాలి.

తుప్పు సంగతి హ్యూస్టన్ వాళ్లకి చెప్పక్కర్లేదు. విశాఖ ఉక్కపోతే అనుకోండి. చెమట వేళ్ల గుర్తులు బ్లూయింగ్ (ఇనుము మీది నల్లటి పూత) మీద మర్నాటికే ఎర్రబడతాయి. బ్యారెల్ పైన పొడుగునా ఉండే పట్టీ, రిబ్, దాని కింద సన్నటి సందుల్లో నూనె గుడ్డ దూరదు, అక్కడికి పైప్ క్లీనర్ కావాలి. ఫోమ్ వేసిన కేసు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. ఫోమ్ తేమను పట్టుకుని ఇనుముకి ఆనించి ఉంచుతుంది.

ఇక మార్పుల సంగతి. డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చింది చోక్‌లే. దీని అక్యూ చోక్ మరా పాత విన్‌చోక్, బ్రౌనింగ్ ఇన్వెక్టర్ మరా ఒకటే, కాబట్టి ఎక్కడైనా దొరుకుతాయి. బోర్ పేరుకి 0.729 అంగుళం. చోక్‌లలో ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే రకం దాన్ని సుమారు 0.010 బిగిస్తుంది, మాడిఫైడ్ 0.020, ఫుల్ 0.035 దాకా. లెక్క ప్రకారం 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో వరసగా 50, 60, 70 శాతం గుండ్లు పడాలి. పడతాయా అన్నది మీ బ్యారెలూ మీ తూటా కలిసి చెప్పాలి. పెద్ద కాగితం కట్టి కొట్టి, చిల్లులు లెక్కపెట్టండి. ఔన్సు 8వ నంబరు గుండ్లంటే సుమారు 410, లెక్కపెట్టేసరికి మెడ పట్టేస్తుంది. నా మాడిఫైడ్ చోక్ ఒక రకం తూటాతో దాదాపు ఫుల్‌లా బిగించి కొట్టింది. స్కీట్‌లో 21 గజాల్లో పగలాల్సిన పళ్లేనికి అంత బిగింపు దండగ.

చోక్ లేకుండా ఎప్పుడూ పేల్చొద్దు, లోపలి మర పాడవుతుంది. ఆడి రాగానే విప్పి, మర తుడిచి, పలచగా గ్రీజు రాయాలి. స్టీల్ గుండ్లతో ఫుల్ చోక్ వాడొద్దు. సీసంలా అవి నలగవు.

ఫోర్సింగ్ కోన్ పొడిగించడం గురించి మా క్లబ్బులో జరిగినన్ని వాదనలు ఎన్నికలప్పుడు కూడా జరగవు. చాంబర్ ముందు భాగం సుమారు 0.8 అంగుళం, బోర్ 0.73. ఈ తేడాను మామూలుగా అర అంగుళం పైచిలుకులో దించేస్తారు. లోపల చెక్కే రీమర్ అనే పనిముట్టుతో దాన్ని అంగుళంన్నరో రెండో చేస్తే గుండ్లు నలగకుండా సాఫీగా జారతాయని, పేల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను తగ్గుతుందని చెబుతారు. లోపల క్రోమ్ పూత ఉంటే ఈ పని పెట్టుకోకూడదు, పూత లేచిపోతుంది. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) నా బ్యారెల్ చూసి, పూత లేదని తేల్చుకున్నాకే రీమర్ పెట్టాడు. పనితనానికి వంక లేదు. పెట్టించకముందు కొట్టిన కాగితాలు దాచి ఉంచాను, తర్వాత అవే తూటాలతో మళ్లీ కొట్టాను. వలయంలో పడ్డ గుండ్ల తేడా ఒక తూటాకీ ఇంకో తూటాకీ మామూలుగా వచ్చే తేడాను మించలేదు. కోన్ తుడవడం మాత్రం తేలికైంది, మురికి తక్కువ పడుతోంది.

తన్ను తగ్గిందా? నా భుజానికి తెలియలేదు. తెలియకపోవడంలో వింత కూడా లేదు. ముందుకు పోయే బరువు, దాని వేగం, తుపాకీ బరువు కలిసి తన్నును తేలుస్తాయి. కోన్ ఎంత పొడుగున్నా ఈ మూడూ మారవు. ఔన్సుంబావు గుండ్ల తూటా మానేసి 24 గ్రాముల తూటాలకి మారినప్పుడు మధ్యాహ్నం దాకా ఆడగలిగాను. ఒలింపిక్ ట్రాప్‌లో వాడేవీ 24 గ్రాములవే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ ట్రాప్ కాంస్యం గెలిచింది వాటితోనే. మరీ తక్కువేమో అని సందేహించేవాళ్లకి ఇంతకన్నా ఏం చెప్పాలి.

మూతి దగ్గర చిల్లులు వేయించే పోర్టింగ్ జోలికి నేను పోలేదు. చేయించిన స్నేహితుడి పక్కన నిలబడితే చెవులు గింగురుమంటాయి, ఆ చిల్లుల్లో మసి తవ్వడం అతనికి మరో పని. బ్యారెల్ కోయించే ఆలోచన ఎవరికైనా ఉంటే, అమెరికాలో 18 అంగుళాల లోపు షాట్‌గన్ బ్యారెల్ 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తుందని తెలుసుకోండి.

మన దగ్గర లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఇంట్లో ఉంటే, శుభ్రం చేసే పద్ధతి అంతా ఇదే. రీమర్ పనులు మాత్రం వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మార్పు చేసేవాడికి లైసెన్సు ఉండాలి, బ్యారెల్ పొట్టి చేయడానికి వేరే అనుమతి కావాలి. తాతల నాటి ఇంగ్లీషు తుపాకీ అయితే బ్యారెల్ విప్పి కింది ముద్రలు చూడండి. వాటిలో చాలావాటి చాంబర్ రెండున్నర అంగుళాలే. ఇప్పటి రెండుముప్పావు తూటా అందులో చక్కగా దూరిపోతుంది, పేలినప్పుడు దాని నోరు కోన్‌లోకి విచ్చుకుని ఒత్తిడి పెరుగుతుంది. ముద్ర అర్థం కాకపోతే గన్‌స్మిత్‌తో కొలిపించే దాకా తూటా పెట్టొద్దు.