అమ్మ కోసం కొన్న పాత టేకు కుర్చీలు: ఎనిమిది నెలలు వాడాక

మా అమ్మకి 78 ఏళ్ళు. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు పదేపదే ఒకటే చెప్పారు. తక్కువ ఎత్తులో కూర్చోకూడదు, సోఫాలో కూరుకుపోకూడదు, లేచేటప్పుడు రెండు చేతులూ ఆనించుకోవడానికి గట్టి ఆధారం ఉండాలి. మా ఇంట్లో ఉన్నవన్నీ సోఫాలే. ఆన్‌లైన్‌లో తెప్పించిన చేతుల కుర్చీ మూడు నెలలకే ఊగడం మొదలుపెట్టింది. అమ్మ లేచిన ప్రతిసారీ అది కిర్రుమంటుంటే వంటింట్లో ఉన్న నాకు టెన్షన్. "కాకినాడలో మీ తాతగారి కుర్చీలుండేవే, అలాంటివి ఇప్పుడు దొరకవా?" అని ఒకరోజు అమ్మే అడిగింది. ఆ కుర్చీలు నాకూ గుర్తే. పేము అల్లిన సీటు, వెడల్పాటి చేతులు. ఆ చేతుల చివర్లు పట్టుకుని పట్టుకుని నల్లగా, నున్నగా అయిపోయి ఉండేవి. ఇల్లు అమ్మినప్పుడు అవి ఎవరింటికి వెళ్ళాయో మాలో ఎవరికీ తెలీదు.

అలా సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే ఒక షాపుకి వెళ్ళాను. మూడు ఆదివారాలు తిరిగి రెండు కుర్చీలు కొన్నాను. షాపు పేరు రాయడం లేదు. వాళ్ళు చేసిన మంచి చాలా ఉంది, ఒక తప్పు కూడా ఉంది. ఆ ఒక్క తప్పుకి ఆ పెద్దాయన్ని నలుగురిలో నిలబెట్టడం నాకిష్టం లేదు.

ముందు మంచి చెబుతాను. షాపు ఇరుకే. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొన్నింటిని పైకప్పు నుంచి తాళ్ళతో వేలాడదీశారు. పాత బంగళాల నుంచి, మూతపడ్డ హోటళ్ళ నుంచి, తమిళనాడు కారైక్కుడి నుంచి సరుకు వస్తుందట. కారైక్కుడిలో చెట్టియార్ల పెద్ద పెద్ద ఇళ్ళ సామాను అమ్మే షాపులకి మునీశ్వరన్ కోవిల్ వీధి పేరు మోసింది. ఓనరు పెద్దాయన నన్ను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. "తిప్పి చూడండమ్మా, కూర్చోండి, లేవండి, మళ్ళీ కూర్చోండి" అంటూ కుర్రాడి చేత పైనున్నవన్నీ దింపించారు. పాత కుర్చీ కొనేవాళ్ళకి ఇంతకన్నా పెద్ద సర్వీసు లేదు. బోర్లించనివ్వని షాపులో నేనైతే కొనను.

మొదటి ఆదివారం నా మనసు ఒక పడక కుర్చీ మీద పడింది. చేతుల కింద నుంచి పొడవాటి చెక్కలు ముందుకి తిరుగుతాయి, వాటి మీద కాళ్ళు చాపుకోవచ్చు. టీ తోటల దొరల బంగళాల్లో ఉండే రకం. చాలా అందంగా ఉంది. అమ్మని కూర్చోబెడితే హాయిగా వాలిపోయింది. లేవమన్నప్పుడు తెలిసింది సంగతి. సీటు ముందు అంచు నేల నుంచి 14 అంగుళాలే, వెనక్కి ఇంకా కిందకి దిగింది. నేనూ కుర్రాడూ చెరో పక్క పట్టుకుంటే గానీ అమ్మ లేవలేకపోయింది. అప్పటి నుంచి చేతిలో టేపు లేకుండా ఏ షాపుకీ వెళ్ళలేదు. అమ్మకి మోకాలి మడత నుంచి నేల దాకా 16 అంగుళాలు. ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి దానికి ఒకటి రెండు అంగుళాలు పైనే ఉండాలి. అంటే 17 నుంచి 18. డైనింగ్ టేబుల్ దగ్గరకైతే సీటుకీ టేబుల్ పైభాగానికీ మధ్య పది, పన్నెండు అంగుళాలు ఉండాలి. కుర్చీ చేతులు టేబుల్ కిందకి దూరతాయా లేదా అన్నది కూడా కొలవాలి. అందం చూసి కొని ఇంటికొచ్చాక బాధపడే వాళ్ళు ఎక్కువ తప్పేది ఇక్కడే.

రెండో ఆదివారం ఇరానీ హోటళ్ళలో కనిపించే రకం కుర్చీలు చూపించారు. గుండ్రటి సీటు, ఒకే కర్రని వంచి చేసిన వీపు. ఈ రకానికి మూలం ఐరోపాలో ఉంది. మైఖేల్ థోనెట్ అనే ఆయన బీచ్ అనే చెట్టు చెక్కని ఆవిరిలో మెత్తబరిచి, ఇనుప అచ్చుల్లో వంచి, 1859లో 14వ నంబరు కుర్చీ తెచ్చాడు. మొత్తం ఆరు ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి, అందుకే ఓడలెక్కి ప్రపంచమంతా వెళ్ళింది. ఆ తర్వాత దాన్ని చూసి ఎన్నో కంపెనీలు చేశాయి. అసలుదైతే సాధారణంగా సీటు చట్రం లోపలి అంచున ముద్ర గానీ కాగితం చీటీ గానీ ఉంటుంది. నేను చూసిన వాటికి ఏదీ లేదు, పెద్దాయన కూడా ఉందని చెప్పలేదు. తేలిగ్గా ఉంటుంది, ఒక చేత్తో ఎత్తొచ్చు. కానీ చేతుల్లేవు. పైగా బీచ్ మన టేకులా పురుగుని తట్టుకునే చెక్క కాదు. ఒక కుర్చీ కాలి మీద గుండుసూది తలంత చిల్లులు కనబడ్డాయి. కింద తెల్ల కాగితం పెట్టి కాలిని రెండుసార్లు తట్టాను. సన్నటి పిండి లాంటి పొడి రాలింది. పొడి తాజాగా రాలుతోందంటే పురుగు లోపల ఇంకా ఉన్నట్టే. అలాంటి కుర్చీ ఒక్కటి ఇంట్లోకి వస్తే తలుపులకీ బీరువాలకీ కూడా ప్రమాదం. చిల్లులు పాతవై, లోపల దుమ్ము పట్టి నల్లగా ఉంటే అంత భయం లేదు.

మూడో ఆదివారం దొరికాయి నేను కొన్నవి. చేతుల కుర్చీలు, జత. సీటూ వీపూ పేము అల్లిక. ఎత్తు పదిహేడున్నర.

బోర్లించి చూసినప్పుడు నాకు నచ్చింది వాటి అడుగు భాగం. పైన మెరుస్తున్నా అడుగున పాలిష్ లేదు. చెక్క బూడిద రంగులోకి తిరిగి, చిత్రిక పట్టిన గాట్లు వేలికి తగులుతున్నాయి. అవి ఒక్కలా లేవు, చేత్తో పట్టినవి. కాలూ చట్రమూ కలిసే చోట స్క్రూ లేదు. ఒక చెక్క కొనని రెండోదాని తొర్రలోకి దిగ్గొట్టి, అడ్డంగా వెదురు మేకు బిగించారు. ఆ మేకు తల చెక్కలో కలిసిపోకుండా కొంచెం పైకి ఉబికింది. ఏళ్ళు గడిచేకొద్దీ చెక్క ఆరి కుంచించుకుపోతే అలా జరుగుతుంది. ముందు కాళ్ళ మధ్య అడ్డకర్ర పైభాగం పాదాలు ఆనించీ ఆనించీ మధ్యలో పల్లమైంది, చివర్లలో అరగలేదు. అరుగుదల అన్ని చోట్లా ఒకేలా ఉంటే అది గరుకు కాగితంతో చేసిన పాతదనం. ప్లస్ గుర్తు స్క్రూలు కనిపిస్తే కుర్చీ ఈ మధ్యదైనా అయి ఉండాలి, తర్వాత రిపేరైనా జరిగి ఉండాలి. ఆ రకం స్క్రూలు వచ్చిందే 1930లలో.

"బర్మా టేకమ్మా" అన్నారు పెద్దాయన. ప్రతి షాపులోనూ వినే మాటే ఇది. మాది కాకినాడ కాబట్టి ఆ పేరు వింటే నాకు మనసు కరుగుతుంది. మా పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఎంతమంది బర్మాలోని రంగూన్ వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. కానీ మన గోదావరి ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్‌లోనూ, బల్లార్షా వైపూ మంచి టేకే ఉంది. పాలిష్ పట్టిన పాత కుర్చీని కంటితో చూసి ఇది ఏ అడవిదో తేల్చడం కష్టం. అందుకే ఆ మాటకి నేను అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. నేను చూసుకున్నది చేవ, అంటే కర్ర లోపల ఉండే గట్టి భాగం. చేవ ఉన్న టేకులో నూనె ఉంటుంది, చెద దాని జోలికి త్వరగా రాదు. అదే కర్ర అంచున ఉండే తెల్లటి భాగమైతే పురుగుకి లొంగిపోతుంది. అడుగున కొంచెం గీరి చూపించమంటే పెద్దాయనే చాకుతో గీరారు. లోపల బంగారు రంగు, పాత తోలు వాసన. ఇంకేం కావాలి?

వాళ్ళు "యాంటిక్" అన్నా నేను వింటేజ్ అనే, అంటే పాతవే గానీ అంత పాతవి కావనే అనుకుంటున్నాను. వందేళ్ళు దాటినవాటినే యాంటిక్ అనడం వాడుక. ఇవి అంత పాతవని చెప్పే కాగితం ఏదీ లేదు. జత 17,000 చెప్పారు, 13,000కి ఇచ్చారు. కొత్త టేకుతో ఇలాంటి జత చేయించడానికి మా వీధి వడ్రంగి అంతకు రెట్టింపు చెప్పాడు.

ఇక తప్పు సంగతి. ఉన్నవి ఉన్నట్టే పంపండి, పాలిష్ మాత్రం వెయ్యొద్దు అని రెండుసార్లు చెప్పి అడ్వాన్సు ఇచ్చాను. నాలుగు రోజులకి ఆటోట్రాలీలో వచ్చిన వాటిని చూసి నాకు ఏడుపొచ్చింది. చేతుల చివర్లలో నల్లగా నిగనిగలాడే ఆ భాగం, కాకినాడ కుర్చీలని గుర్తుచేసిన భాగం, మిషన్ పెట్టి గీరేశారు. పైన గాజులా మెరిసే పాలిష్. ఒక పగులులో లప్పం కూరి రంగు పూశారు. ఫోన్ చేస్తే పెద్దాయన ఊళ్ళో లేరు, వర్క్‌షాపు వాళ్ళు అలవాటు ప్రకారం చేసేశారట. తర్వాత ఆయనే ఫోన్ చేసి, నొచ్చుకుని, 1,500 వెనక్కి పంపారు. ఆ డబ్బు తీసుకున్నాను. కానీ అన్నేళ్ళ చేతులు పట్టి తెచ్చిన నునుపు ఆ డబ్బుకి రాదు. అందుకే చెబుతున్నాను, నోటిమాట మీద వదలకండి. బిల్లు మీద "పాలిష్ వద్దు" అని రాయించండి, అడ్వాన్సు ఇచ్చే ముందు ఫోటోలు తీసుకోండి.

మిగతా పని మా ఇంటికొచ్చే ఆచారి గారు చేశారు. ఒక కాలు అతుకు దగ్గర సన్నగా కదులుతోంది. నేను ఫెవికాల్ పోయమన్నాను. "వద్దమ్మా, ముందు లోపలున్న పాత బంక తీయాలి" అని అతుకు విప్పి, గోధుమ రంగులో గాజు పెంకులా ఉన్న ముక్కలు గీకి చూపించారు. అది తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన బంకట. వేడినీళ్ళ గుడ్డ చుడితే మెత్తబడి ఊడివస్తుంది, అందుకే పాత కుర్చీలని విప్పి మళ్ళీ బిగించొచ్చు. ఇనుప మేకులు కొట్టి బిగించినవాటికి ఆ వీలు లేదు. శుభ్రం చేసి, కొత్త బంక పెట్టి, తాడు మెలేసి బిగించి ఒక రాత్రి వదిలేశారు. ఇప్పుడు రాయిలా ఉంది. 1,200 తీసుకున్నారు.

సీటు పేము కొంచెం జారింది. కొత్త అల్లిక వేయించాలేమో అని భయపడ్డాను, కానీ చుట్టూ చిల్లుల్లోంచి పేముని లాగి చేత్తో అల్లిన సీటు అది, ఎక్కడా తెగలేదు. ఆచారి గారు చెప్పినట్టే కుర్చీని బోర్లించి, అడుగు వైపు నుంచి వేడినీళ్ళలో తడిపి పిండిన గుడ్డ పరిచి, అరగంట ఉంచి, నీడలో ఆరబెట్టాను. తెల్లారి వేలితో మీటితే డప్పులా బిగుసుకుని పలికింది. నా జన్మలో నేను చేసిన మంచి రిపేరు ఇదే. ప్లాస్టిక్ వైరుతో అల్లినవాటికి ఇది పనిచేయదు. మిషన్ మీద అల్లిన షీటుని గాడిలో నొక్కి పెట్టిన సీట్లు కూడా మార్కెట్లో చాలా ఉన్నాయి. చట్రం చుట్టూ చిల్లులు లేకపోతే అదే అనుకోండి.

ఎనిమిది నెలల్లో ఎక్కడా కిర్రుమనలేదు. వీపు కొంచెం నిటారుగా ఉంటుంది, గంట దాటితే అమ్మ నడుం వెనక చిన్న దిండు పెడతాను. బరువు ఎక్కువ, తుడవడానికి జరపాలంటే పనమ్మాయికి కష్టమే. పిల్లలు సీటు మీద నిలబడితే పేము చిరుగుతుంది, చిన్నపిల్లలున్న ఇంటికి చెక్క సీటే మేలు.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లి ఫోటోలు చూసి తనకీ ఒక జత పంపమంది. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. రోజ్‌వుడ్ అయితే అంతర్జాతీయ నిబంధనలు కూడా ఉన్నాయి. వయసు తేల్చుకోకుండా పార్శిల్ కట్టనని చెప్పేశాను. వచ్చినప్పుడు ఇక్కడే కూర్చుంటుంది.

పొద్దున్నే అమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తుంది. లేచేటప్పుడు నన్ను పిలవదు. కుర్చీ చేతుల చివర్లు గట్టిగా పట్టుకుని తనే లేస్తుంది. మొన్న తుడుస్తుంటే చూశాను, కుడిచేతి వైపు ఆ గాజు మెరుపు కాస్త తగ్గింది.