గోల్కొండలో గైడు ఎంతవరకు అవసరం?

గోల్కొండలో చాలా భాగం శిథిలమే. ఏది ఆయుధాగారమో, ఏది అంతఃపురమో గోడలను చూసి పోల్చుకోవడం కష్టం. అందుకే టికెట్లు తీసుకోగానే గైడును మాట్లాడుకున్నాం. తెలుగులో చెప్పేవారే కావాలని అడిగాం. రుసుము, చూపించే చోట్లు, పైదాకా వస్తారా లేదా అన్నవి నడక మొదలుకాకముందే తేల్చుకోవాలి. కొందరు కింది భాగం చూపించి, ఇక మీరు ఎక్కండి అని సెలవు తీసుకుంటారు.

బాలా హిస్సార్ ద్వారం దగ్గర చప్పట్లు ఎలాగూ ఉంటాయి. మా గైడు గుమ్మటం కింద నిలబడి కొట్టి చూపించారు. కొండమీది బారాదరి అనే మండపం దాకా వినబడే ఈ ఏర్పాటు ఒకప్పుడు కాపలావాళ్లకు హెచ్చరిక. అక్కడ ఒకేసారి నాలుగు బృందాలు చప్పట్లు కొడుతుంటే ఎవరి హెచ్చరిక ఎవరికి చేరుతుందో ఆ సుల్తానులకే తెలియాలి! నన్ను ఆకట్టుకున్నది మాత్రం ద్వారానికి ఎదురుగా అడ్డంగా కట్టిన గోడ. ఏనుగులు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపులను గుద్దకుండా దాన్ని కట్టారట. ఆయన చూపించకపోతే పక్కనుంచి నడిచి వెళ్లిపోయేవాళ్లం.

గైడుకు ఇచ్చిన డబ్బు నీళ్ల సంగతి దగ్గర పూర్తిగా గిట్టుబాటైంది. పగిలిన గోడలో ఒకచోట మట్టి గొట్టం బయటపడి ఉంది. ఒకదాని మూతి ఇంకొకదానిలో దూర్చి, చుట్టూ సున్నం గచ్చు పెట్టారు. లోపల వేలు పెట్టి చూస్తే నున్నగా తగిలింది. కింది తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి, చక్రాలతో అంచెలంచెలుగా నీటిని తోడి, ఇలాంటి గొట్టాల ద్వారా మహళ్లకు పంపేవారు. సుమారు 120 మీటర్ల ఎత్తున్న రాతి గుట్టమీదికి! 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట నిలిచిందంటే, గోడలతో పాటు ఈ నీళ్లూ కారణమై ఉండాలి. చివరికి లోపలివాళ్లే తలుపు తీశారన్నది అందరికీ తెలిసిన కథే.

కథల దగ్గరే ఆయనతో పేచీ. చార్మినార్‌కు సొరంగం ఉందన్న మాటనూ, ముట్టడి చరిత్రనూ ఒకే గొంతుతో చెప్పారు. ఆధారం అడిగితే నవ్వేశారు. గోల్కొండ వజ్రాలు ఈ కొండలో దొరకలేదని, కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చేవని మాత్రం సరిగ్గానే చెప్పారు.

రామదాసు చెర దగ్గర తెలుగువాళ్లెవరికైనా కాళ్లు ఆగుతాయి. చీకటి గదిలో గోడమీద చెక్కిన సీతారామలక్ష్మణుల రూపాలు, హనుమంతుడు. అవి ఆయన చెక్కినవేనని నమ్మకం. మా గైడు ఇక్కడ తొందరపెట్టారు, వెనక ఇంకో బృందం ఎదురుచూస్తోందని. ఆయన్ని బయట నిలబెట్టి మేం కాసేపు ఉండిపోయాం. రామదాసును బంధించిన గోల్కొండ చివరి సుల్తాను తానీషా కూడా చివరికి దౌలతాబాద్ కోటలో బందీగానే చనిపోయాడు.

అక్కడి నుంచి పైకి గైడు అక్కర్లేదు. దారి తప్పే వీలు లేదు, మెట్లు మాత్రం ఎగుడుదిగుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది భాగంతో ఆపేసినా పెద్దగా పోయేదేమీ లేదు. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక ఆ రాయి కింది నుంచీ కాలుస్తుంది. తాగే నీళ్లు వెంట ఉంచుకోవాలి.

సాయంత్రం జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన ఏ రోజు ఏ భాషలో ఉంటుందో ముందే కనుక్కోవాలి. పగలు గోడలు చూసినవాళ్లకు అది బాగుంటుంది, చూడనివాళ్లకు రంగు దీపాలే మిగులుతాయి. ఈ ప్రదర్శన, పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు, రెంటిలో ఒకదానికే సమయముంటే నా ఓటు సమాధులకు. అక్కడ పునరుద్ధరణ శ్రద్ధగా జరిగింది, చెట్ల నీడ ఉంది, గైడు లేకుండానే హాయిగా తిరగవచ్చు.