బూడిద ఇటుక: కొలత పక్కా, వయసే తేలదు

హన్మకొండలో మా రెండంతస్తుల ఇంటికి పూర్తిగా బూడిద ఇటుకే (థర్మల్ ప్లాంట్ల బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుక) వాడి కొన్నేళ్లయింది. సైజెంత, రంగేంటి, రేటెంత అన్నవి ఇక్కడ చెప్పను, దాన్ని తయారుచేసే ఏ యూనిట్‌కు ఫోన్ చేసినా చెబుతారు. ఈ ఇటుకలో అన్నిటికన్నా ముఖ్యమైనది దాని వయసు, అంటే అచ్చు తీసి ఎన్ని రోజులైందన్నది. అదొక్కటే దాని మీద ఎక్కడా రాసి ఉండదు. నా గొడవంతా దాని గురించే.

ముందు మంచి చెప్పాలి. అంచులు బాగుంటాయి. మన బట్టీ ఇటుక చేతి అచ్చులో పోసి, ఎండబెట్టి, ఊకా బొగ్గూ వేసి కాల్చింది. బట్టీ నడిమధ్యవి నల్లగా కాలి కుంచించుకుపోతాయి, అంచునవి సగం కాలి ఉబ్బెత్తుగానే ఉంటాయి. పావు ఇంచు తేడా మామూలే. గోడ ఒక వైపు సమంగా కుదిరితే రెండో వైపు ఎగుడుదిగుళ్లు తేలతాయి, వాటిని గిలాబుతో (ప్లాస్టరింగ్‌తో) పూడ్చాలి. 12 మిల్లీమీటర్ల మందంతో అయ్యే పని 20కి పోతుంది. బూడిద ఇటుకకు లోపలి వైపు ఆ 12 చాలు. వంద చదరపు అడుగుల గోడకు సుమారు రెండున్నర ఘనపుటడుగుల సిమెంటు మాలు మిగులుతుంది. అయితే ఈ మిగులు లోపలి గోడలకే. బయట ఎలాగూ రెండు పూతలు వేయాలి కాబట్టి అక్కడ కలిసొచ్చేది తక్కువ.

ఈ ఇటుకను మన దాకా తెచ్చింది కరెంటు. రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది, పాత స్టేషన్ మొత్తం 2600 మెగావాట్లు. చెల్పూరు కాకతీయ థర్మల్‌లో 500 మెగావాట్ల యూనిట్ 2010లో వచ్చింది, ఆ తర్వాత 600ది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణిది 1200. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బూడిదే. 1990ల నాటికే విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ అనే పరిశోధన సంస్థ నుంచి భానుమతీదాస్, కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి తెచ్చారు. 1999 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ ప్లాంటుకు 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలో కనీసం 25 శాతం బూడిద కలపాల్సి వచ్చింది. 2003లో ఆ దూరాన్ని 100 చేశారు. చెల్పూరు నుంచి చూస్తే వరంగల్ అప్పుడే అందులోకి వచ్చింది.

వ్యాపారంగా చూసినా యంత్రం ఇటుకకు ఒక సుఖం ఉంది. పెద్దపల్లి వైపు బట్టీలు ఒడిశా బలంగీర్, నువాపడ నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చే కుటుంబాల చేతుల మీద నడుస్తాయి. దసరా దాటాక మొదలై, వానలు పడగానే ఆగిపోతాయి. బూడిద ఇటుకకు ఆ సీజన్ బాధ లేదు. దానికి వేరే బాధ ఉంది, ఆ బాధే చివరికి కొన్నవాడి గోడ మీద తేలుతుంది.

లెక్క వేసి చూడండి. ఇటుక ఎండినాక మూడు కిలోలనుకుందాం. అందులో బూడిద ఓ 60 శాతం, క్రషర్ డస్టు (కంకర మర దగ్గర వచ్చే రాతిపొడి) 30కి పైన, సిమెంటు 8. అంటే ఇటుకకు 240 గ్రాముల సిమెంటు. రోజుకు పదివేల ఇటుకలు తీసే యూనిట్‌కు 48 బస్తాలు. నియమంగా 28 రోజులు ఆపి అమ్మాలంటే యార్డులో 2 లక్షల 80 వేల ఇటుకలు పేరుకోవాలి, వాటిలో 1,344 బస్తాల సిమెంటు డబ్బు ఇరుక్కుని ఉండాలి. పైగా వాటన్నిటికీ రోజూ నీళ్లు. బోరు ఎండిన ఏప్రిల్‌లో ఇది ఎవరికి సాధ్యం? అందుకే పదో రోజుకో, ఒక్కోసారి వారానికో ట్రాక్టర్ ఎక్కించేస్తారు. సిమెంటును 8 నుంచి 5 శాతానికి దించితే రోజుకు 18 బస్తాలు మిగులుతాయి, ఆ ఆశ ఇంకోటి.

వయసు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఇటుకకు నిప్పు తగలదు. సిమెంటు నీళ్లతో గట్టిపడుతూ కొంత సున్నాన్ని విడిచిపెడుతుంది, ఆ సున్నంతో బూడిద నెమ్మదిగా కలిసి బిగుసుకుంటుంది. ఈ రెండో పని వారాల తరబడి సాగుతుంది, తడి ఉన్నంతసేపే సాగుతుంది. 44 డిగ్రీల ఎండలో తడి ఆరిపోతే అక్కడితో ఆగుతుంది. పైకి ఇటుక ఆకారం వచ్చేస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

మా పై అంతస్తులో జరిగింది ఇదే. కింది అంతస్తుకు తెచ్చిన ఇటుకలు పిల్లర్లు, స్లాబ్ పనులు అయ్యేదాకా నీడలో, తడి గోనె పట్టాల కింద పడి ఉన్నాయి. ఆ గోడల్లో ఈ రోజుకీ గీత లేదు. పై అంతస్తువి అదే యూనిట్ నుంచి వచ్చాయి. దించేటప్పుడే అడుగు వరసలు చెమ్మగా, ముదురు రంగులో ఉన్నాయి, మూలలు బొటనవేలికే రాలాయి. “ఎండకు ఆరితే అన్నీ ఒక్కతీరే అయితయి సార్” అన్నారు యూనిట్ వాళ్లు. మొదటి వేసవి దాటేసరికి పడమటి గోడకూ పిల్లర్‌కూ మధ్య నిలువునా పగులు, కిటికీ కింది మూల నుంచి మెట్లు మెట్లుగా ఇంకోటి. యూనిట్‌ను అడిగితే మేస్త్రీ పని మీదకు తోసింది, మేస్త్రీ ఇటుక మీదకు తోశాడు. తేల్చింది కింది గోడే. అదే మేస్త్రీ, అదే ఇసుక, అదే పడమటి ఎండ. తేడా ఇటుక వయసు ఒక్కటే.

బట్టీ ఇటుక ఎముకలా ఎండి బయటికి వస్తుంది, ఆ తర్వాత గాలిలో తేమ పీల్చి వెంట్రుకవాసి పెరుగుతుంది. బూడిద ఇటుక ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. బూడిద-సున్నం ఇటుకల ప్రమాణం ఐఎస్ 12894 ఈ ముడతకు 0.15 శాతం హద్దు పెట్టింది. పదడుగుల గోడకు అది నాలుగున్నర మిల్లీమీటర్లు. సరిగా నీళ్లు పట్టి ఆరబెట్టిన ఇటుక ఆ ముడతలో ఎక్కువ భాగాన్ని యార్డులోనే పూర్తి చేసుకుంటుంది, పచ్చిది గోడలోకి వచ్చాక మొదలుపెడుతుంది. అందులో పావు వంతు ముడిచినా పిల్లర్ పక్కన కంటికి కనిపించే పగులు వస్తుంది. పాత బట్టీ ఇటుక గోడకు కొత్త బూడిద ఇటుక గోడ అతికించి గది పెంచితే ఇదే ఇంకా గట్టిగా బయటపడుతుంది, ఒకటి పెరిగేది, ఒకటి తగ్గేది కదా.

బాగుచేయడం పెద్ద పనే. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. ఇంకా పాకుతుంటే ముట్టుకోవద్దు. ఆగిందని తేలాక కట్టర్‌తో అర ఇంచు లోతున వి ఆకారంలో కోసి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మాలు కూరి, రెండు వైపులా ఆరేసి ఇంచులు వచ్చేలా చికెన్ మెష్ (సన్న తీగ వల) కొట్టి మళ్లీ గిలాబు చేయాలి. ఒట్టి లప్పం (పుట్టీ) పెడితే వచ్చే ఎండాకాలానికి అదే గీత మళ్లీ కనిపిస్తుంది, పెయింటు డబ్బులు దండగ.

ముందుగా చూసుకోవాలంటే రెండు ఇటుకల్ని కొట్టి మోత వినడం ఇక్కడ అంత నమ్మకం కాదు, ఇది బట్టీ ఇటుకలా ఖంగుమనదు. ఒకటి పగలగొట్టి నడుమ చూడండి. అంచు లేత బూడిద రంగులో, మధ్య ముదురుగా తడిగా ఉంటే ఇంకా ఆగాలి. బాగా ఆరినదాన్ని తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. మూడు కిలోలది 3.6 కిలోలు దాటితే వెనక్కి పంపండి. గోడ కట్టేటప్పుడు బట్టీ ఇటుకలా డ్రమ్ములో నానబెట్టనివ్వద్దు. మేస్త్రీలకు అదొక అలవాటు. పైన నీళ్లు చిలకరిస్తే చాలు, నానబెడితే తీరిన ముడత మళ్లీ మొదటికొస్తుంది. తొమ్మిదించుల గోడకు మాలు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు చాలు. మాలు మరీ గట్టిదైతే పగులు దాన్ని వదిలి ఇటుక మధ్య నుంచి పోతుంది. రోజుకు నాలుగడుగుల ఎత్తు దాటొద్దు. బీమ్ కింద ఖాళీ వదిలి వారం పోయాక కూరించండి. పిల్లర్ అతుకుల మీద మెష్ మొదటే కొట్టించండి, నెల ఆగి గిలాబు పెట్టించండి.

మిగతావి త్వరగా. తేలిక అని చెప్పి అమ్ముతారు, నమ్మొద్దు. డస్టు ఉన్న ఈ ఇటుక బట్టీ దానికేమీ తీసిపోని బరువు. తేలికంటే 1213 నాటి రామప్ప గోపురానివి, నీళ్లలో వేస్తే తేలతాయి. పడమటి గది చల్లగా ఉంటుందన్నదీ అంతే, నాలుగున్నర ఇంచుల గోడ ఏ ఇటుకదైనా సాయంత్రానికి వేడెక్కుతుంది. ఉప్పు పొంగడం మాత్రం తక్కువ, బాత్రూం వెనక గోడ మీద కొద్దిగా తప్ప. కరెంటు పైపులకు సుత్తి, ఉలితో గాడి తీస్తే ఇటుక నిలువునా చీలుతుంది, కట్టర్‌తోనే కోయించండి.

మళ్లీ కట్టాల్సి వస్తే బూడిద ఇటుకే తీసుకుంటాను. కానీ నాకు ఇంటి పక్కన ఖాళీ జాగా ఉంది, బోరు ఉంది, పని ఆగినా అద్దె కట్టాల్సిన ఇల్లు లేదు. నెల ముందే ఇటుక దింపించుకుని నేనే నీళ్లు పట్టుకోగలను. కాజీపేటలో గల్లీ లోపల ఎనభై గజాల ప్లాటు మీద కడుతూ, ఇటుక రోడ్డు మీద దింపి మర్నాటికే గోడెక్కించాల్సిన వాళ్లకు ఇదే మాట చెప్పలేను. వాళ్లు మంచి బట్టీ ఇటుక చూసుకుని, గిలాబుకు ఇంకో నాలుగు బస్తాలు ఎక్కువ రాసుకోవడమే నయం. యూనిట్ మనిషి అచ్చు తీసిన తేదీని బిల్లు మీద రాసి సంతకం పెడతానంటే అప్పుడు వేరే సంగతి.