గట్టెక్కించింది యాంప్లిఫయర్ కాదు, యాంటెన్నా: బొలెరో పికప్‌లో హ్యామ్ సెట్టు

మా బొలెరో పికప్‌లో రెండు మీటర్ల బ్యాండు (144-146 మెగాహెర్ట్జ్) హ్యామ్ సెట్టు, అంటే లైసెన్స్ తీసుకుని అభిరుచి కోసం మాట్లాడుకునే రేడియో, దాని పవర్ పెంచే యాంప్లిఫయర్, క్యాబిన్ టాపు మీద యాంటెన్నా పెట్టించి ఏళ్లు గడిచాయి. ఎండలు, వానలు, అంతర్వేది ఉప్పుగాలి, కొబ్బరి మట్టల దెబ్బలు, ఒక పెద్ద వరద అన్నీ చూసిన సెట్టు ఇది. అందుకే డబ్బా విప్పిన రోజు హుషారులో కాకుండా, వాడి నలిగాక రాస్తున్నాను.

ఫలితం ముందే చెప్పేస్తాను. డబ్బులు లెక్కగా ఉంటే యాంప్లిఫయర్ అన్నిటికంటే ఆఖర్న కొనండి. యాంటెన్నా, సెట్టు నుంచి దానికి వెళ్లే కోయాక్స్ కేబుల్, బ్యాటరీ నుంచి వచ్చే తీగ, ఈ మూడింటి మీద పెట్టిన ప్రతి రూపాయీ వినబడుతుంది. యాంప్లిఫయర్ మీద పెట్టింది అవతలివాడికి మాత్రమే వినబడుతుంది.

అసలు సీబీ రేడియో (సిటిజన్స్ బ్యాండ్, పరీక్ష అక్కర్లేని 27 మెగాహెర్ట్జ్ రేడియో) ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లు ఉంటారు. అమెరికా ట్రక్కుల వీడియోలు చూసిన కుర్రాళ్లు మొదట అడిగేది అదే. అక్కడ సీబీకి 40 చానళ్లు ఉన్నాయి. మాట పంపే పద్ధతిని బట్టి ఏఎమ్‌లో 4 వాట్లు, సైడ్‌బ్యాండ్‌లో 12 వాట్ల వరకు వాడుకోవచ్చు. హైవే డ్రైవర్లు 19వ చానల్లో కబుర్లు చెప్పుకుంటారు. ఆ సీబీకి వందల వాట్ల యాంప్లిఫయర్ తగిలించడం అక్కడ కూడా చట్టవిరుద్ధమే, వీడియోల్లో ఆ ముక్క ఎవరూ చెప్పరు. మన దేశంలో 26.957 నుంచి 27.383 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు గానీ, 5 వాట్లు దాటకూడదు, యాంటెన్నా సెట్టులోనే ఉండాలి. యాంప్లిఫయర్ మాటే లేదు. పైగా మా కోనసీమలో ఆ బ్యాండు మీద పలికే నాథుడు లేడు. ఇంకోటి, 27 మెగాహెర్ట్జ్‌కి పావు వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) యాంటెన్నా అంటే దగ్గర దగ్గర తొమ్మిది అడుగుల రాడ్డు. దాన్ని టాపు మీద నిలబెట్టుకుని కాలవ గట్టు మీద వెళ్తే మొదటి చింతకొమ్మ దగ్గరే బండి ఆపాలి.

హ్యామ్ అయితే పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. నాది ఎక్కువ పవర్‌కి వీలుండే జనరల్ గ్రేడ్, యాంప్లిఫయర్ పెట్టుకునే ధైర్యం దానివల్లే వచ్చింది. ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, దీంట్లో వ్యాపారం మాట్లాడకూడదు. నా పికప్ అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కీ రొయ్యల చెరువులకీ తిరుగుతుంది, అయినా వంద కౌంటు రొయ్యల రేటెంత, లోడు ఎప్పుడొస్తుంది లాంటి మాటలు సెట్టులో ఒక్కటీ రాకూడదు. వాటికి ఫోనుంది. పడవల వాళ్లతో కలుస్తుందా అని కూడా అడుగుతుంటారు. కలవదు, కలపకూడదు. సముద్రం మీద వాడే వీహెచ్‌ఎఫ్ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) బ్యాండు వేరు, దాని 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనకిచ్చింది 144 నుంచి 146 వరకే.

ఇక సామాను. 5 వాట్ల చేతి సెట్టు డాష్‌బోర్డు మీద, సీటు వెనక యాంప్లిఫయర్. మీటరు పెట్టి చూస్తే బండి స్టార్ట్‌లో ఉన్నప్పుడు 45 వాట్ల దాకా ఇస్తోంది. తొమ్మిది రెట్లు అనగానే దూరం కూడా తొమ్మిది రెట్లు అవుతుందనిపిస్తుంది. అలా జరగదు. తొమ్మిది రెట్లంటే సిగ్నల్ బలం కొలిచే లెక్కలో సుమారు తొమ్మిదిన్నర డెసిబెల్స్. అవతలివాడి సెట్టులో సిగ్నల్ బలం చూపే మీటరు మీద ఒక ఎస్-పాయింటుకి ఆరు డెసిబెల్స్ అనుకుంటే, మనం ఒకటిన్నర పాయింటు పెరిగామన్నమాట. బుసబుసలో సగం మాటలు కొట్టుకుపోతున్నప్పుడు ఆ ఒకటిన్నర చాలా విలువైనదే, కాదనను. కానీ డెల్టాలో సమస్య పవర్ కాదు, ఎత్తు.

ఇక్కడ నేల పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు. వీహెచ్‌ఎఫ్ తరంగం ఇంచుమించు చూపు ఆనినంత మేరే పోతుంది, కాస్త వంగుతుంది. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, విడివిడిగా వర్గమూలాలు కట్టి కూడి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. పికప్ టాపు రెండు మీటర్లు, అమలాపురంలో మా మిత్రుడి డాబా మీద యాంటెన్నా పదిహేను మీటర్లు అనుకుంటే, లెక్క 22 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. రాజోలు సరిగ్గా ఆ అంచు మీదే ఉంటుంది. ఆ ఊళ్లో రోడ్డు మీద ఉంటే ఒకసారి దొరుకుతాడు, ఒకసారి దొరకడు. అదే బండిని ఏటిగట్టు ఎక్కించి ఆపితే, గట్టు పొలం కంటే ఐదు మీటర్లు ఎత్తనుకున్నా, లెక్క 27 దాకా వెళ్తుంది. యాంప్లిఫయర్ ఆఫ్ చేసి గట్టు మీద నుంచి పిలిచినా, ఆన్ చేసి దిగువ నుంచి పిలిచినదానికంటే శుభ్రంగా పలుకుతాడు.

కొబ్బరి తోటల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండుగా ఉన్నప్పుడు పర్వాలేదు. వాన కురిసి మట్టలు తడిశాక సిగ్నల్ బాగా నీరసిస్తుంది. ముమ్మిడివరం వైపు దట్టమైన తోటల మధ్య రోడ్డు మీద బండి నాలుగడుగులు ముందుకో వెనక్కో జరిపితే మాట తేటపడటం ఎన్నోసార్లు చూశాను.

యాంప్లిఫయర్‌తో వచ్చే అసలు తలనొప్పి ఇంకొకటుంది. ఒకరోజు పి.గన్నవరం దాటాక మిత్రుణ్ణి పిలిచాను. "ఏవండీ, మీరు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది, నేను చెప్పేది అందుతోందా?" అని అతను అడుగుతూనే ఉన్నాడట. నాకు చివరి మాట తప్ప ఏమీ అందలేదు. అతని దగ్గర ఉన్నది పది వాట్లు. నా పవర్ పెరిగితే నా చెవులు పెరగవు కదా! యాంటెన్నా బాగుపడితే మాట్లాడటం, వినడం రెండూ బాగుపడతాయి.

యాంటెన్నా విషయంలో నా సలహా: క్యాబిన్ టాపు మధ్యలో పెట్టండి, బంపరుకీ వెనక బాడీ మూలకీ వద్దు. ఈ బ్యాండులో పావు వేవ్ రాడ్డు అర మీటరుకి కాస్త తక్కువ. దానికి చుట్టూ అర మీటరు మేర లోహం ఉంటే చాలు, పికప్ టాపు రేకు సరిగ్గా సరిపోతుంది. మూలన పెడితే ఒక దిక్కుకి బాగా, ఇంకో దిక్కుకి నీరసంగా పోతుంది. నేను 5/8 వేవ్ రాడ్డు వాడాను, మీటరుంపావు పొడవు ఉంటుంది. చదును నేలకి అది మంచిదే, కానీ కాలవ గట్ల మీద కొమ్మలకి తగిలి అడుగున స్ప్రింగు వదులైపోతోంది. ఇప్పుడు లోడు రోజుల్లో పావు వేవ్, ఊరికే తిరిగే రోజుల్లో పెద్దది బిగిస్తున్నాను. తేడా ఉంది, కానీ ఏడిపించేంత లేదు.

అయస్కాంతం బేసు తేలికే, రేకుకి చిల్లు పెట్టక్కర్లేదు. మా దగ్గర మాత్రం దానికి ఆయుష్షు తక్కువ. కింద తేమ చేరి, ఉప్పు పట్టి, పెయింటు ఉబ్బి తుప్పు మొదలవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండి అయితే ధైర్యం చేసి చిల్లు పెట్టించి శాశ్వత మౌంటు వేయించడమే మేలు. టాపు కనెక్షన్ల మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టాలి, పైన మామూలు టేపు చుట్టాలి. కేబుల్ లోపలికి దూరే చోట చిన్న వంపు కిందికి వదలాలి, నీరు అక్కడే చుక్కలై జారిపోతుంది. ఇంత చేసినా వానాకాలం అయ్యాక కనెక్టర్ విప్పి చూస్తే పచ్చ పట్టి ఉంటుంది. తుడిచి, మళ్లీ బిగించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) మీటరు పెట్టి చూడాలి. ఒకటిన్నర లోపు ఉంటే నిశ్చింత. మూడుకి చేరితే పవర్లో పావు వంతు వెనక్కి తిరుగుతుంది. ఆ వేడికి బలయ్యేది యాంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టరే.

కేబుల్లో కక్కుర్తి వద్దు. సన్న ఆర్‌జీ-58 ఐదు మీటర్లు వాడితే ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సుమారు ఒక డెసిబెల్, అంటే ఐదో వంతు పవర్, దారిలోనే ఆవిరి. మిగిలిన కేబుల్‌ని సీటు కింద చుట్టలు చుట్టి దాచకుండా కత్తిరించి కనెక్టర్ వేయించండి.

తీగలు లాగిన ఎలక్ట్రీషియన్ మంచి పనివాడే, కానీ అతని చెయ్యి సిగరెట్ లైటర్ సాకెట్ వైపే పోయింది. "అక్కణ్ణుంచి తీస్తే నీటుగా ఉంటుందండి" అన్నాడు. యాంప్లిఫయర్ బటన్ నొక్కిన ప్రతిసారీ పది ఆంపియర్లు లాగుతుంది. ఆ సన్న తీగలో వోల్టేజి పడిపోతుంది, ఫ్యూజు పోతుంది, లేదా తీగే వేడెక్కుతుంది. ఒప్పించి, బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగించాను, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు. బానెట్ గోడలో తీగ దూరే రంధ్రానికి రబ్బరు గ్రొమెట్ తప్పనిసరి, లేకపోతే రేకు అంచు తొడుగుని కోసేస్తుంది. ఇంజిన్ ఆపి ఒట్టి బ్యాటరీ మీద మాట్లాడితే అదే యాంప్లిఫయర్ అంత పవర్ ఇవ్వదు.

దీని మీద చిల్లర ఫిర్యాదులు చాలా ఉన్నాయి. వినడం నుంచి మాట్లాడటానికి మార్చే రిలే ఆలస్యంగా పడుతుంది, బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం మాయం. ఫ్యాను మోత. ఎండాకాలం సీటు వెనక గాలాడక పట్టుకోలేనంత వేడి. లాగిన కరెంటులో మూడింట ఒక వంతే యాంటెన్నాకి వెళ్తుంది, మిగతాదంతా వేడే. బటన్ నొక్కినప్పుడు డీజిల్ ముల్లు ఊగేది, తీగలకి ఫెర్రైట్ క్లిప్పులు (రేడియో గోలని ఆపే ముక్కలు) వేశాక తగ్గింది.

ఫిర్యాదు కాదు గానీ హెచ్చరిక ఒకటి. దింపు కార్మికులో హమాలీలో వెనక బాడీలో నిలబడి వస్తుంటే యాంప్లిఫయర్ ఆన్ చేయను. వాళ్ల తలలు యాంటెన్నాకి జానెడు దూరంలో ఉంటాయి. 45 వాట్లు అంత దగ్గర్నుంచి మనిషి మీదికి వదలకూడదు. కంటిన్యూగా మాట్లాడే అలవాటున్న వాళ్లు ఇది మరీ పట్టించుకోవాలి.

2022 జులై వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, మా లంకలన్నీ మునిగాయి. ఆ రోజుల్లో బండి గట్టు మీదే ఉంది. కరెంటు లేదు, ఫోన్లు ఒకసారి కలుస్తాయి, ఒకసారి కలవవు. మిత్రులం ముగ్గురం ఏ రేవులో పడవ ఉందో, ఎక్కడ మంచినీళ్లు కావాలో సెట్టులో చెప్పుకున్నాం. అప్పుడు యాంప్లిఫయర్ దాదాపు ఆఫ్‌లోనే ఉంది. ఇంజిన్ ఆన్‌లో పెడితే డీజిల్ అయిపోతుంది, పెట్టకపోతే బ్యాటరీ దిగిపోతుంది. 5 వాట్ల చేతి సెట్టు, టాపు మీద యాంటెన్నా, కింద ఏటిగట్టు, వీటితోనే పని నడిచింది. 1996 నవంబరు తుపాను చూసిన పెద్దవాళ్లకి ఇలాంటి సెట్టు ఎందుకో నేను వివరించనక్కర్లేదు.

ఇవాళ కొనేవాళ్లకైతే చేతి సెట్టు, యాంప్లిఫయర్ విడివిడిగా వద్దంటాను. 50 వాట్లు లోపలే ఉన్న మొబైల్ సెట్టు ఒకటి కొనుక్కోండి. రిలే గొడవ ఉండదు, మైకు మంచిది, అవసరమైతే 5 వాట్లకి తగ్గించుకోవచ్చు. ఖర్చు నా రెండు డబ్బాల కంటే కాస్త ఎక్కువ అవుతుందేమో, అంతే. దాంతోపాటు ఒక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు కొనండి, లేదా ఉన్న మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకోండి. అది పెట్టి చూడకుండా మాత్రం ఏ యాంప్లిఫయర్ బటనూ నొక్కకండి.