మూడేళ్ల చేపల తొట్టి, బకెట్‌లో మనీ ప్లాంట్, ఒక వరద

ఇంట్లో ఈ తొట్టి కట్టి మూడేళ్లు దాటింది. ఎలా కట్టాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి పలకలు ఎలా బిగించాలి, లైనర్ (నీళ్లు కారకుండా లోపల పరిచే షీటు) మడతలు ఎలా సర్దాలి లాంటివి ఇక్కడ రాయను. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, పదిహేను అంగుళాల లోతు నీళ్లు. చెక్క పెట్టె, లోపల పాత దుప్పటి పరుపు, దాని మీద లైనర్ షీటు. ఇంచుమించు 350 లీటర్లు పడతాయి, అంటే నీళ్ల బరువే 350 కిలోలు. ప్రస్తుతం అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. ఐదు ఉండేవి, ఆ సంగతి తర్వాత.

నేను రాయాలనుకున్నది తొట్టి గురించి కూడా కాదు, దాని పక్కన స్టూలు మీద కూర్చున్న బకెట్ గురించి.

కొన్న ఫిల్టర్ పెట్టే స్తోమత అప్పట్లో లేదు. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకుని, అడుగున గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఓ ఇరవై ఉండలు, పైన రెండు వరసల స్పాంజి పెట్టాను. తొట్టిలోని పంపు నుంచి పైపు బకెట్ అడుగు దాకా వెళ్తుంది. నీళ్లు పీచులోంచి, స్పాంజిలోంచి పైకి ఊరి, అంచుకి కాస్త కిందున్న గొట్టం గుండా మళ్లీ తొట్టిలో పడతాయి. కరెంటు పోయినప్పుడు బకెట్‌లో నీళ్లు పైపులోంచి వెనక్కి జారిపోకుండా, పైపు పైభాగంలో సూదితో చిన్న బెజ్జం పెట్టాను. అంతే ఇంజినీరింగు.

మొదటి రెండు నెలలు ఇది నన్ను ఏడిపించింది. తప్పు బకెట్‌ది కాదు, నాదే. నీళ్లు పోసిన మూడో రోజే చేపల్ని వదిలాను. చేపలు వదిలే, వాటికే విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ పీచు మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని నేను మురిసిపోతుంటే మొదటి విడత చేపలు మూడు పోయాయి. తెల్లగా, తేటగా ఉన్న నీళ్లు మంచి నీళ్లు కావని అప్పుడే తెలిసింది. నీళ్లని పరీక్షించే టెస్ట్ కిట్ ఆ తర్వాత కొన్నాను, ముందే కొనాల్సింది.

ఇక నన్ను పూర్తిగా పడగొట్టింది మనీ ప్లాంట్. బ్యాక్టీరియా తన పని చేశాక చివర్లో మిగిలే నైట్రేట్‌ని బకెట్ ఏమీ చేయలేదు. వారం వారం నీళ్లు మార్చడమే దారి. కిటికీ దగ్గర సీసాలో పెరుగుతున్న మనీ ప్లాంట్ కాడలు నాలుగు తెచ్చి, ఊరికే, బకెట్ అంచున వేళ్లు నీళ్లలో మునిగేలా గుచ్చాను. రెండు నెలల్లో ఆకు అరచేయంత అయింది. కిట్‌లో లీటరుకు 40 మిల్లీగ్రాములకు తగ్గని నైట్రేట్ 20 కన్నా దిగువకు వచ్చింది. వారానికి మూడో వంతు నీళ్లు మార్చేవాడిని, రెండు వారాలకోసారికి వచ్చాను. ఖర్చు సున్నా. వచ్చిన ప్రతి చుట్టానికీ బకెట్ మూత తీసి వేళ్లు చూపించడం నాకో అలవాటైపోయింది. తెల్లటి వేళ్లు, వాటి కొసల మీద సన్నటి నూగు. చేపల కన్నా వాటినే ఎక్కువ చూపించేవాడిని.

ఏడాదిన్నర ఇలాగే గడిచింది.

ఆ రోజు తెల్లవారుజామున ఐదు కావస్తోంది. అమ్మ గొంతు. ‘లేవరా, ఇల్లంతా ఏరు పారుతోంది!’ కలలో అనుకున్నాను. కాలు కింద పెడితే చల్లగా, అరికాలు తడిసేలా నీళ్లు. ముందు గదిలోంచి గరగరమని ఓ శబ్దం. ఆ శబ్దాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. మునిగి ఉండాల్సిన పంపు గాలి పీల్చుకుంటే అలాగే ఉంటుంది, గొంతులో కఫం అడ్డుపడ్డ మనిషిలా.

లైట్ వేసి చూస్తే తొట్టి అడుగున రెండు అంగుళాల నీళ్లు. ఐదు చేపలూ పక్కకి వాలిపోయి, వీపులు గాల్లో తేలి, లైనర్ మడతల్లో కొట్టుకుంటున్నాయి. విచిత్రం ఏమిటంటే బకెట్ మాత్రం అంచుదాకా నిండుగా ఉంది, పొంగుతూ ఉంది. నీళ్లు బకెట్ పక్కల నుంచి స్టూలు కాళ్ల మీదుగా నేల మీదికి నిదానంగా, ఎంతో మర్యాదగా జారుతున్నాయి.

ప్లగ్ పీకే ముందు ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది. నేల మీద నీళ్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడకి ఓ అడుగు ఎత్తులో ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఈ సమీక్ష వేరే ఎవరో రాయాల్సి వచ్చేది. మెయిన్ స్విచ్ ఆపేసి, ఆ తర్వాతే తడిలో అడుగు పెట్టాను.

చేపల్ని ఉన్న నీళ్లతోనే వెడల్పాటి టబ్బులోకి మార్చాం. నిలవ ఉంచిన నీళ్లు రెండు బకెట్లు ఉన్నాయి, అవి కలిపాను. తొట్టిని కుళాయి నీళ్లతో నింపక తప్పలేదు. అందులో కలిపే క్రిమిసంహారక మందు చేపలకి హాని. క్లోరిన్ అయితే ఒకట్రెండు రోజులు నిలవ ఉంచితే పోతుంది. క్లోరమైన్ కలిపిన నీళ్లయితే అలా పోదు. ఏది కలుపుతున్నారో ఆ వేళప్పుడు ఎవర్ని అడుగుతాం? క్లోరిన్ విరుగుడు మందు మొత్తం తొట్టి లెక్కకి వేసి, నీళ్లని సన్న ధారగా వదిలాం. నేల తుడిచి, పుస్తకాల అలమరలో కింది అర ఖాళీ చేసేసరికి మధ్యాహ్నం అయింది. ఐదింట్లో ఒకటి నాలుగో రోజున పోయింది. పడిన దెబ్బకా, కొత్త నీళ్లకా, భయానికా అన్నది నేను తేల్చి చెప్పలేను. మిగతా నాలుగూ వారంలో మామూలుగా తిన్నాయి.

ఇంతకీ దొంగ ఎవరు? తిరుగు గొట్టం విప్పి తీస్తే లోపల జానెడు పొడవు వేళ్ల చుట్ట, జడలా అల్లుకుని ఉంది. మనీ ప్లాంట్ వేళ్లే. పారే నీళ్లు ఎటు వెళ్తున్నాయో వెతుక్కుంటూ గొట్టంలోకి దూరాయి. దాని నోటి దగ్గర పండి రాలిన ఆకు ఒకటి అడ్డంగా అతుక్కుని ఉంది. నీళ్లు మార్చే పని తగ్గించిందని ఊరంతా చెప్పుకున్న మొక్కే, ఒక్క రాత్రిలో నీళ్లన్నీ మార్చేసింది.

మొక్కని తిట్టి లాభం లేదు. తిరుగు గొట్టాన్ని నేను లోపలికొచ్చే పైపంత సన్నదే పెట్టాను. లోపలికి పంపు తోస్తుంది, బయటికి తన బరువుతో నీళ్లే జారాలి, తోసేవాడు లేడు. అందుకే బయటికి వెళ్లే గొట్టం ఎప్పుడూ లావుగా ఉండాలి. పంపు డబ్బా మీద గంటకు 800 లీటర్లు అని ఉంటుంది. అది నీటిని పైకి ఎత్తాల్సిన పని లేనప్పటి లెక్క. మా స్టూలు ఎత్తుకి ఎంతొస్తుందో చూద్దామని ఖాళీ బకెట్ పెట్టి కొలిస్తే పదిహేను లీటర్లు నిండడానికి రెండు నిమిషాలు పట్టింది, అంటే గంటకు 450. గొట్టం సగం మూసుకున్నా రాత్రంతా టైముంటే తొట్టి ఖాళీ కావడం ఎంతసేపు?

ఇప్పుడు చేసిన మార్పులు రెండు. బకెట్‌ని స్టూలు మీంచి దించి, తొట్టి మీద అడ్డంగా వేసిన రెండు పలకల మీద పెట్టాను. పొంగితే తొట్టిలోకే పొంగుతుంది. చూడ్డానికి అందంగా లేదు, గదికి ఎవరో లారీ సామాను దించినట్టుంది. రెండోది, పంపుని అడుగు నుంచి లేపి ఇటుక మీద పెట్టాను. మట్టి ఇటుక, నిలువుగా. సిమెంటుదైతే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) పెంచుతుంది. ఇటుక కింద లైనర్ చిరగకుండా పాత రబ్బరు చెప్పు ముక్క. ఇక పైపులో, బకెట్‌లో ఎక్కడ ఏది పగిలినా పంపు పైన ఉన్న ఆరంగుళాల నీళ్లే పోతాయి. ఆరంగుళాలంటే కూడా దగ్గర దగ్గర 140 లీటర్లు, మళ్లీ తుడుచుకోవాల్సిందే. కాని చేపలకి తొమ్మిది అంగుళాలు మిగులుతాయి.

దీనికి మూల్యం ఉంది. మొదట్లో ఈ తొట్టి గురించి అడిగిన వాళ్లందరికీ ‘అడుగున చెత్త అనేదే ఉండదు, పంపే లాగేస్తుంది’ అని గొప్పగా చెప్పేవాడిని. పంపు ఇటుకెక్కాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అడుగున మెత్తటి గోధుమరంగు మడ్డి చేరుతోంది, వారానికోసారి పైపు పెట్టి నీళ్లతో పాటు లాగేయాలి. అంటే మొక్క పుణ్యమా అని మిగిలిన శ్రమ సగానికి సగం తిరిగొచ్చింది.

గోడ సంగతి కూడా అప్పట్లో చెప్పేవాడిని కాదు. ఈ తొట్టిలో నీరు వారానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, అంటే తొమ్మిది లీటర్లు. అదంతా గదిలో గాలిలోకే వెళ్తుంది. వెనక గోడకి మోకాలి ఎత్తులో రంగు బొబ్బలెక్కి రాలుతోంది. తొట్టిని గోడకి జానెడు దూరం జరిపాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. తగ్గిన మేరకు నీళ్లు పోస్తే నీళ్లు మార్చినట్టే అనుకునేవాడిని మొదట్లో. ఆవిరయ్యేది నీరొక్కటే, అందులోని లవణాలు, నైట్రేట్ అక్కడే ఉంటాయి. పోయడం వేరు, మార్చడం వేరు.

మనీ ప్లాంట్ తీసేశానా అంటే లేదు. బకెట్‌లో నైలాన్ జల్లెడ ఒకటి అడ్డం పెట్టాను, వేళ్లు ఒక పక్కన, తిరుగు గొట్టం ఇంకో పక్కన. గొట్టం ఇప్పుడు పాతదానికి రెండింతలు లావు. ఆదివారం ఉదయం టార్చి వేసి గొట్టంలోకి తొంగి చూస్తాను, జల్లెడ దాటిన వేళ్లుంటే కత్తెర. పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్లలో ఈ మొక్క ఆకు నమిలితే వాటి నోరు, గొంతు మండి ఇబ్బంది పడతాయి. మాకు పెంపుడు జంతువులంటే ఈ నాలుగు చేపలే కాబట్టి ఆ టెన్షన్ లేదు.

మీరు కట్టుకోవచ్చా అంటే, నా సంగతి చెప్తాను, మీ ఇంటితో పోల్చుకోండి. మాది నేలమీది ఇల్లు, కింద ఎవరూ లేరు, నేల రాయి. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, అమ్మకి తెల్లారకముందే మెలకువ వస్తుంది. మేడ మీద ఉండి, కింద వేరే వాళ్ల పడకగది ఉంటే ఈ బకెట్ పద్ధతి నేను పెట్టుకునేవాడిని కాదు, తొట్టి లోపలే ఉండే స్పాంజి ఫిల్టర్‌తో సరిపెట్టుకునేవాడిని. అది ఇంత శుభ్రం చేయదు, చేపల్ని తగ్గించుకోవాలి, కాని పొంగదు. నెలకి రెండుసార్లు ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే అసలు గోల్డ్‌ఫిష్‌ల జోలికే వెళ్లేవాడిని కాదేమో. అవి ఒళ్లు పెరిగే చేపలు, చెత్త కూడా ఆ స్థాయిలోనే చేస్తాయి.

పోయిన వారం జల్లెడ అవతలికి సాగిన కాడ ఒకటి కత్తిరించి, పారేయబుద్ధి కాక గాజు గ్లాసులో నీళ్లు పోసి కిటికీలో పెట్టాను. అమ్మ దాన్ని ఓసారి చూసి, గ్లాసు కింద ఓ పళ్లెం పెట్టి వెళ్లిపోయింది.