ఉప్పాడ రాళ్ల దగ్గర 8 అడుగుల సర్ఫ్‌బోర్డు లీష్ పనితీరు

కోనసీమ తీరమంతా ఎక్కువగా ఇసుకే కాబట్టి అక్కడ ఏ లీష్ (సర్ఫ్‌బోర్డును మనిషికి కట్టి ఉంచే తాడు) అయినా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. దాని అసలు సంగతి, కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో కోతను అడ్డుకోవడానికి పేర్చిన బండరాళ్ల సమీపంలోనే తెలుస్తుంది. నేను కొన్నది 8 అడుగుల పొడవు, 7 మిల్లీమీటర్ల మందం గల యురేథేన్ (సాగే ప్లాస్టిక్) తాడు. నా బోర్డు పొడవు కూడా 8 అడుగులే కనుక కొలత సరిపోయింది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చినది చీలమండ పట్టీకి ఉన్న లాగుడు చెవి. తాడు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే, తరువాతి అల బోర్డును ఒకవైపు, మనిషిని మరోవైపు ఈడ్చుతుంది. ఆ క్షణంలో కంటితో చూడకుండా, తడి వేళ్లతో ఒక్క గుంజుడులో వెల్క్రో ఊడిరావాలి. ఈ చెవి వెడల్పుగా ఉండడంతో వేలు సులువుగా దూరుతుంది. తాడు మాత్రం కాస్త ఎక్కువగా సాగుతుంది. అలా సాగిన తాడు బోర్డును వేగంగా వెనక్కి విసురుతుంది కనుక, నీటి నుంచి పైకి వచ్చేటప్పుడు చేతులతో తల కప్పుకోవడం తప్పనిసరి.

రాతి గుల్లలు గీసుకుని పట్టీ దగ్గర తాడుపై చిన్న గాటు పడింది. గాటు ఎంత చిన్నదైనా తాడు అక్కడే తెగుతుంది కాబట్టి దానిని వెంటనే మార్చాను.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వంటి ప్రవాహపు చోట్లకు దీనిని నేను సిఫారసు చేయను. అక్కడ తాడు దేనికైనా చిక్కుకుంటే ప్రవాహం ఒత్తిడికి వంగి చీలమండను అందుకోవడం సాధ్యం కాదు. ఒక్క లాగుతో విడిపోయే నడుము పట్టీ లీషే అక్కడ వాడాలి.